రికమండేషన్ లెటర్ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టండి

పలాస వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో నేను జువాలజీ చెబుతాను. మా క్లాసులో ఎక్కువమంది ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లు. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసే తల్లుల పిల్లలు, వేటకు గుజరాత్ దాకా వలసపోయే మత్స్యకారుల పిల్లలు, మందస, సీతంపేట కొండల నుంచి దిగివచ్చే సవర పిల్లలు, ఇచ్ఛాపురం వైపు నుంచి ఇంట్లో ఒడియా మాట్లాడుకునే పిల్లలు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీలోనో, బెంగళూరు ల్యాబుల్లోనో ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు చాలా తక్కువ. ఆ తక్కువమందిలోకి మన పిల్లల్ని పంపాలనుకునే లెక్చరర్ల కోసం, నేను చేసే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ఆసక్తి పుట్టించడానికి మనం కష్టపడనక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతం పిల్లలకు క్రియాటినిన్ అనే మాట మన సిలబస్ కంటే ముందే తెలుసు. కిడ్నీలు రక్తంలోంచి వడకట్టే వ్యర్థం అది, కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరుగుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో పక్కింటాయన రిపోర్టు గురించి అడిగేటప్పుడు కూడా "క్రియాటిన్ ఎంతొచ్చింది?" అనే అడుగుతారు. ఇన్నేళ్లయినా ఈ కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో కచ్చితంగా తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. బస్సులో దాని ముందు నుంచే కాలేజీకి వచ్చే పిల్లకి, లోపల రీసెర్చ్ చేసేవాళ్లు ఏం చదివి అక్కడికి వచ్చారో చెప్పేవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు. బీఎస్సీ అయితే బీఈడీ, లేదంటే గ్రూప్స్ కోచింగ్, లేదంటే మెడికల్ షాపు. ఊళ్లో తెలిసిన దారులు ఇవే.

నేను పనంతా వెనక నుంచి మొదలుపెడతాను. రెండేళ్ల తర్వాత ఈ పిల్ల వేసవిలో పెద్ద ల్యాబులో పనిచేయడానికి ఒక సమ్మర్ ఫెలోషిప్‌కి అప్లై చేస్తుంది, అప్పుడు నేను రికమండేషన్ లెటర్ రాయాలి. అందులో ఏం రాస్తాను? "సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, మంచి నడవడిక" అని రాస్తే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు, అందరూ అదే రాస్తారు. కమిటీలో కూర్చున్నవాళ్లు మన కాలేజీ పేరు విని ఉండరు. మార్కులు చూస్తే అందరివీ దగ్గరదగ్గరగానే ఉంటాయి. వాళ్లకి పిల్లని చూపించగలిగేది ఆ లెటర్ ఒక్కటే. అందులో రాయడానికి ఒక సంఘటన కావాలి, ఆ సంఘటన మన ల్యాబులో జరగాలి. జరగాలంటే పిల్లల చేతికి నిజమైన పని ఇవ్వాలి.

రికార్డు వేరు, నోట్‌బుక్ వేరు

మన దగ్గర ప్రాక్టికల్స్ ఎలా నడుస్తాయో మీకు చెప్పక్కర్లేదు. సీనియర్ రికార్డు తెచ్చుకుని ఎక్కించేస్తారు. బొమ్మలకి రంగు పెన్సిళ్లు, పైన బ్రౌన్ పేపర్ అట్ట. రీడింగులు కూడా పాతవే. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తారు, సంతకం పెడతారు, వెళ్తారు. రికార్డు యూనివర్సిటీకి కావాలి కాబట్టి ఉండనివ్వండి. దాంతోపాటు ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టించండి. పేజీ నంబర్లు ముందే వేయాలి. పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టాలి, కింద ఏముందో కనిపించాలి. కాగితం చింపకూడదు, వైట్‌నర్ వాడకూడదు. తేదీ, ఏం కలిపాం, ఎంత కలిపాం, ఏం వచ్చింది, అన్నీ అక్కడికక్కడే రాయాలి. ఇంటికెళ్లి ఫెయిర్ చేస్తామంటే ఒప్పుకోవద్దు.

మొదటి సెమిస్టర్ చివర్లో నేను చేయించేది క్రియాటినిన్ స్టాండర్డ్ కర్వ్, అంటే తెలిసిన మోతాదులకి వచ్చే రీడింగులతో గీసే గ్రాఫ్. జాఫే అనే జర్మన్ శాస్త్రవేత్త 1886లో కనిపెట్టిన రసాయన చర్య మీద ఆధారపడిన పరీక్ష ఇది. క్షార ద్రావణంలో పిక్రిక్ ఆమ్లంతో క్రియాటినిన్ కలిస్తే నారింజ రంగు వస్తుంది. క్రియాటినిన్ ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కగా ఉంటుంది, దాన్ని రంగు చిక్కదనం కొలిచే కలరీమీటర్‌లో 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర చదువుతాం. పెద్ద ఖర్చు ఉండదు. ఒక్క జాగ్రత్త ఉంది: పిక్రిక్ ఆమ్లం ఎండితే పేలే స్వభావం ఉన్నది. సీసాలో ఎప్పుడూ నీటితో తడిగానే ఉండాలి, మూత దగ్గర గడ్డకట్టిన పాత సీసా బీరువాలో కనిపిస్తే ఎవరినీ ముట్టుకోనివ్వకండి. పిల్లలకి నేను తయారుచేసిన ద్రావణమే ఇస్తాను.

ఐదు ట్యూబుల్లో తెలిసిన మోతాదుల్లో క్రియాటినిన్ తీసుకుంటారు, ఒకటి క్రియాటినిన్ లేని బ్లాంక్. రీడింగులు గ్రాఫ్ మీద పెడితే ఒక సరళరేఖ రావాలి. మొదటిసారి రాదు. ఒకసారి ఒకమ్మాయికి నాలుగో ట్యూబు గీతకి బాగా పైన వచ్చింది. పక్కనున్నవాళ్లు "ఆ ఒక్క నంబరూ మార్చేయవే, సరిపోద్ది" అంటున్నారు. ఆ అమ్మాయి మార్చలేదు, మళ్లీ చేసింది, మళ్లీ పైనే వచ్చింది. అప్పుడు నేను చెప్పింది ఒక్కటే: కొద్ది ద్రవాన్ని కొలిచి తీసే మైక్రోపిపెట్‌తో 500 మైక్రోలీటర్ల నీళ్లు తీసి బ్యాలెన్స్ మీద తూచు, అర గ్రాము రావాలి. తూచితే అర గ్రాము దాటింది. మైక్రోపిపెట్ బటన్‌కి రెండు స్టాపులుంటాయి. ద్రవం లాగేటప్పుడు మొదటిదాని దాకానే నొక్కాలి, రెండోది బయటికి వదిలేటప్పుడు. తొందరలో రెండోదాని దాకా నొక్కి లాగుతోంది, అందుకే ఎక్కువ వస్తోంది. ఆ విషయం నేను చెప్పకుండా తనే పట్టుకుంది. నోట్‌బుక్‌లో మొదటి రీడింగు, రెండో రీడింగు, తూకం, కారణం అన్నీ వరుసగా ఉన్నాయి. నేను ఆ పేజీ ఫోటో తీసి పెట్టుకున్నాను, ఎందుకంటే నా లెటర్‌లో మొదటి పేరా అక్కడ దొరికింది.

ప్రతి పిల్లకీ మీ ఫోన్‌లో ఒక ఫోల్డర్ ఉండాలి. ఏదైనా గమనించిన రోజే తేదీతో రెండు ముక్కలు రాసుకోండి. రెండేళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని రాద్దామంటే అవదు.

రెండో సెమిస్టర్‌లో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే ప్రయోగం చేయిస్తాను. పద్ధతి పేరు ఫిస్క్-సుబ్బారావ్, 1925 నాటిది. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మీద నేను ఉపన్యాసం ఇవ్వను. నీలం రంగు వచ్చాక "ఈయన ఎవరు మేడమ్?" అని వాళ్లే అడుగుతారు, అప్పుడు చెబుతాను. ముందే చెబితే పటానికి దండ వేసినట్టు ఉంటుంది.

రక్తం, మూత్రం జోలికి పోవద్దు

స్టాండర్డ్ కర్వ్ సరిగ్గా వచ్చిన మర్నాడే పిల్లలు అడిగేది, "మేడమ్, మా ఊళ్లో శాంపిల్స్ తెస్తాం, చేసేద్దాం." ఇక్కడ గట్టిగా కాదనాలి. మనుషుల నుంచి శాంపిల్ తీసుకోవాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, శాంపిల్ ఇచ్చేవాళ్ల లిఖితపూర్వక సమ్మతి ఉండాలి. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు దీన్ని వివరంగా చెబుతాయి. నియమం అని చెప్పి వదిలేయకుండా ఎందుకో కూడా అడిగించండి. ఎదురింటి పెద్దాయన రక్తం తెచ్చి మన కలరీమీటర్‌లో చూశాం, ఎక్కువ వచ్చింది. ఆయనకి ఎవరు చెబుతారు? తప్పు రీడింగ్ అయితే? ఆ ఇంట్లో పెళ్లి సంబంధం నడుస్తుంటే? నేను ఒక గంట క్లాసు దీనికే పెడతాను. తర్వాత ఇంటర్వ్యూల్లో మన పిల్లలు బాగా మాట్లాడే విషయం ఇదే, ఎందుకంటే వాళ్లకిది పుస్తకంలో చదివిన సంగతి కాదు.

దానికి బదులు నీళ్లు. ఊళ్ల బోర్లలో, బావుల్లో కండక్టివిటీ (విద్యుత్ వాహకత), టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు), కాఠిన్యం, ఫ్లోరైడ్ చూడొచ్చు. ఒకే బావి నీళ్లని వానాకాలం ముందు, తర్వాత కొలవచ్చు. నల్గొండ, కనిగిరి వైపు ఉన్న లెక్చరర్లకి ఫ్లోరైడ్ ఒక్కటే చాలు, డిగ్రీ మొత్తానికి సరిపోయే పని. జబ్బుకి కారణం కనిపెట్టేశామని మాత్రం రాయనివ్వకండి. లోకల్ పేపర్ రిపోర్టర్ వచ్చి హెడ్డింగ్ అడుగుతాడు, పిల్లలు ఉత్సాహంగా ఇచ్చేస్తారు. అదొకటి చూసుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరి చేశారు. చాలాచోట్ల ఇవి డబ్బు కట్టి తెచ్చుకునే సర్టిఫికెట్లుగా మారిపోయాయి, దీని మీద నాకు కోపం ఉంది. మొదటి ఏడాది తర్వాత వచ్చే కమ్యూనిటీ ప్రాజెక్టే నీళ్ల సర్వే. రెండో ఏడాది తర్వాతది బయటి ల్యాబులో చేసే సమ్మర్ ప్రాజెక్టు. ఆ గంటలు ఎలాగూ ఇవ్వాలి, పనికొచ్చేలా వాడండి.

ఇంగ్లిష్ సంగతి

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లకి ఇంగ్లిష్ రీసెర్చ్ పేపర్ ఇచ్చి మొదటి నుంచి చదవమంటే రెండో లైన్లో ఆగిపోతుంది. నేను ఒక్క బొమ్మ ఇస్తాను. వారానికి ఒక పేపర్ నుంచి ఒకే గ్రాఫ్. అడ్డం మీద ఏముంది, నిలువు మీద ఏముంది, ఏది పెరిగితే ఏది పెరిగింది, చుక్కల మీద ఆ చిన్న గీతలేమిటి? జవాబు తెలుగులో, బోర్డు దగ్గర నిలబడి. అది తేలిగ్గా వచ్చేశాక అదే మాట ఇంగ్లిష్‌లో. వాక్యం తప్పైనా ఆపను. పబ్‌మెడ్ సెంట్రల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే పేపర్లు చాలు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ కాలేజీలకి 13,000 దాకా జర్నల్స్ అందుబాటులోకి వచ్చాయి. మీ కాలేజీకి లాగిన్ ఉందో లేదో లైబ్రేరియన్‌ని అడగండి.

లెక్కలంటే బైపీసీ పిల్లలకి భయం. లాగరిథమ్, పలుచన లెక్కలు, సగటు, స్టాండర్డ్ డీవియేషన్, ఇవి మాత్రం వదలకుండా చెప్పించండి. ఎమ్మెస్సీ సీట్లకి రాసే ఐఐటీ జామ్ పరీక్ష బయోటెక్నాలజీ పేపర్‌లో ఇంటర్ స్థాయి మ్యాథ్స్, ఫిజిక్స్ కూడా అడుగుతారు. అదేదో చివరి ఏడాదిలో చూసి బెంబేలెత్తకుండా, మొదటి ఏడాదిలోనే మ్యాథ్స్ లెక్చరర్‌ని బతిమాలి వారానికి ఒక గంట తీసుకోవడం మంచిది.

అప్లికేషన్

ముందుగా గురిపెట్టాల్సింది మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా, ప్రయాగ్‌రాజ్‌లోని నాసీ. వేసవిలో రెండు నెలలు ఒక సైంటిస్టు దగ్గర పని, స్టైపెండ్ ఉంటుంది. దసరా సెలవులు అయ్యేసరికి వెబ్‌సైట్ చూడటం మొదలుపెట్టండి. బెంగళూరులోని పరిశోధనా సంస్థ జేఎన్‌సీఏఎస్ఆర్‌కి వేరే సమ్మర్ ప్రోగ్రామ్ ఉంది. ఐసీఎంఆర్ వాళ్ల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ గురించి పిల్లలు ఎక్కడో చూసి వస్తారు, అది ఎంబీబీఎస్, బీడీఎస్ వాళ్లకే, బీఎస్సీకి లేదు.

ఫారంలో "ఎందుకు చేయాలనుకుంటున్నావు" అని ఒక పేజీ లోపు రాయమంటారు. పిల్లలు రాసే మొదటి వాక్యం నాకు కంఠతా వచ్చు: చిన్నప్పటి నుంచీ సైన్స్ అంటే అమితమైన ఇష్టం, దేశానికి సేవ చేయాలని ఆశయం. ఏఐ చేత రాయిస్తే ఇదే కాస్త నున్నగా వస్తుంది. తెలుగులో మూడు ప్రశ్నలకి జవాబు రాయించండి. ఏం చేశావు? ఏం చూశావు? ఏది అర్థం కాలేదు? మూడోదానికి జవాబు నిజాయితీగా ఉంటే మిగతాది దానంతటదే వస్తుంది. "ఒకే ఊళ్లో రెండు బావుల టీడీఎస్‌లో అంత తేడా ఎందుకుందో తెలియలేదు" అని రాసిన పిల్ల ఫారం ఆగి చదువుతారు. తర్వాతే ఇంగ్లిష్ చేయాలి, అదీ చిన్న చిన్న వాక్యాల్లో.

ఇంకొక మాట. నాన్నకి డయాలసిస్ జరుగుతున్న పిల్లలు మా దగ్గర ఉంటారు. "అది రాస్తే సెలక్షన్ వస్తుంది కదా మేడమ్" అని స్నేహితులు సలహా ఇస్తారు. రాయాలనుకుంటే ఒక్క వాక్యం రాసుకోమంటాను, వద్దనుకుంటే అసలు వద్దు. రాయమని మనం మాత్రం చెప్పకూడదు. ఇంట్లో కష్టం చూపించి సీటు అడగాల్సిన అవసరం వాళ్లకి లేదు, చేతిలో నోట్‌బుక్ ఉంది.

సైంటిస్టులకి నేరుగా మెయిల్ పెట్టించేటప్పుడు ఒకే మెయిల్ యాభై మందికి కొట్టనివ్వకండి. ఆ ల్యాబు పేపర్లలో ఒక్కటి, కనీసం ఒక్క బొమ్మ చదివి, దాని మీద ఒక ప్రశ్న రాయాలి. జవాబులు తక్కువే వస్తాయి, వారం ఆగి ఒకసారి గుర్తుచేయొచ్చు, అంతకుమించి వద్దు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, డీఎన్ఏ మీద పనిచేసే సీడీఎఫ్‌డీ, తార్నాకలోని పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్, తిరుపతిలోని సైన్స్ విద్యాసంస్థ ఐసర్, ఇవి మన పిల్లలు ఇంట్లో ఒప్పించుకోగల దూరంలో ఉన్నవి.

కాగితాలు

దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా రాస్తాను. బీసీ పిల్లలకి సచివాలయంలో ఇచ్చే మామూలు కుల ధ్రువీకరణ పత్రం కేంద్ర సంస్థల్లో చెల్లదు. కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. తహసీల్దార్ ఆఫీసులో ఫార్మాట్ కాగితం ప్రింట్ తీసి మరీ ఇవ్వాలి, లేకపోతే రాష్ట్ర ఫార్మాట్‌లోనే వస్తుంది. ఏ ఆర్థిక సంవత్సరంలో ఇచ్చిందై ఉండాలో నోటిఫికేషన్‌లో రాస్తారు, అది చూసి తీయించండి. రాష్ట్రంలో బీసీగా ఉన్న కొన్ని కులాలు కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండవు, అదీ ముందే చూసుకోవాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి ఆధార్‌లో పేరు, టెన్త్ మెమోలో పేరు ఒకేలా ఉన్నాయా అన్నదే పెద్ద సమస్య. సవర పిల్లల ఇంటిపేర్లు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటాయి. మొదటి ఏడాదే సరిచేయించండి.

జీడి ఒలిచే తల్లుల వేళ్లు జీడి నూనెకి కాలి ముద్రలు అరిగిపోతాయి. బయోమెట్రిక్ పడదు, ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఆగిపోతుంది, చివరి తేదీ దాటిపోతుంది. ఐరిస్‌తో చేయమని అడగాలని ఆవిడకి తెలియదు. తోడు ఎవరినైనా పంపండి.

డబ్బు, ఇల్లు

స్టైపెండ్ చివర్లో వస్తుంది. రైలు టికెట్, హాస్టల్ అడ్వాన్సు, మొదటి నెల తిండి ముందే కావాలి. బయటికి చెప్పుకోలేక "ఇంట్లో ఒప్పుకోలేదు మేడమ్" అని మానేసేది చాలాసార్లు దీనికే. మేం నలుగురైదుగురు స్టాఫ్, ఉద్యోగాల్లో ఉన్న పాత విద్యార్థులు కలిసి ఒక చిన్న నిధి పెట్టుకున్నాం. అప్పుగా ఇస్తాం, స్టైపెండ్ వచ్చాక తిరిగి వేస్తారు, తర్వాతి పిల్లకి అదే వెళ్తుంది. దానం అనిపించకపోవడం వల్ల అడగడానికి సిగ్గుపడరు.

ఆడపిల్లల ఇళ్లకి నేనే వెళ్తాను. "ఏటి మేడమ్, రెండు నెల్లు ఆడపిల్లని బెంగుళూరు అంపుతామా?" అంటారు. వాదించి లాభం లేదు. హాస్టల్ ఎక్కడ, వార్డెన్ ఫోన్ నంబరు, పలాసలో ఏ రైలు ఎక్కితే ఎక్కడ దిగుతుంది, అన్నీ కాగితం మీద రాసి ఇస్తాను. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా బెంగళూరే, ఫలక్‌నుమా అయితే సికింద్రాబాద్. మొదటిసారి తండ్రి తోడు వెళ్లి దింపి వస్తే సగం టెన్షన్ పోతుంది, టికెట్ ఖర్చు నిధిలోంచి ఇస్తాం. అంతకుముందు వెళ్లొచ్చిన సీనియర్ చేత వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడిస్తే ఇంకా మంచిది, నా మాట కంటే ఆ మాటే పనిచేస్తుంది.

వెళ్లే ముందు పిల్లకి రెండే చెబుతాను. ఏ మెషినైనా మొదటిసారి ముట్టుకునే ముందు "నాకు తెలియదు, చూపించండి" అని అడుగు. శుక్రవారం సాయంత్రం ఈ వారం ఏం చేశానో అర పేజీ రాసి గైడ్‌కి మెయిల్ చెయ్యి. మొదటి వారంలో ఏడుస్తూ ఫోన్ చేస్తారు, అందరూ ఇంగ్లిష్, హిందీ అని. రాత్రి తొమ్మిది తర్వాత నా ఫోన్ దీనికే పెట్టుకుంటాను. ఇంటికి రమ్మని అనకండి, వాళ్లు అడిగేది అది కాదు.

డిగ్రీ తర్వాత

సమ్మర్ ప్రాజెక్టు చేసొచ్చిన పిల్లకి ఎమ్మెస్సీ దారులు చెప్పండి. ఐఐటీలకీ, ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకీ జామ్, పరీక్ష ఫిబ్రవరిలో, అప్లికేషన్ శరదృతువులోనే. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) సాయంతో నడిచే బయోటెక్నాలజీ ఎమ్మెస్సీలకి గాట్-బి పరీక్ష, వీటిలో నెలనెలా కొంత స్టైపెండ్ ఉంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్లకి సీయూఈటీ-పీజీ. ఎమ్మెస్సీ తర్వాత నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, వస్తే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరే. ఈ అంకె తల్లిదండ్రులకి తప్పకుండా చెప్పండి. పీహెచ్‌డీ అంటే ఫీజు కట్టి ఐదేళ్లు ఖాళీగా కూర్చోవడం అనుకుంటారు చాలామంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి విడిగా నేషనల్ ఫెలోషిప్‌లు కూడా ఉన్నాయి.

ఇన్ని చేసినా సెలక్ట్ కాని పిల్లలే ఎక్కువమంది. వాళ్లకి వేసవిలో మా ల్యాబే తెరిచి ఉంచుతాను, నీళ్ల పని కొనసాగిస్తాం, మరుసటి ఏడాది మళ్లీ పెడతారు. అప్పటికి నా ఫోల్డర్‌లో రాసుకున్నవి ఇంకొన్ని చేరతాయి.

అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కి టీచర్లు కూడా అప్లై చేయొచ్చు, చాలామందికి ఈ సంగతి తెలియదు. మీ ల్యాబులో పాత కలరీమీటర్ తప్ప ఏమీ లేకపోతే ఈసారి పిల్లల ఫారాలతోపాటు మీదీ ఒకటి నింపండి. ప్రిన్సిపాల్ సంతకానికి టైం పడుతుంది, చివరి వారం దాకా ఆగకండి.